మేడం సదివిందే రాయుండ్రి

ఎండాకాలం వస్తే కాలేజీలో పాఠాలు ఆగిపోతాయి గానీ మా తిరుగుడు మొదలవుతుంది. నేను కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్తాను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊళ్ల మీద పడి, ఇంటర్ పాసైన పిల్లల్ని మా కాలేజీలో చేర్పించాలి. తలా పదిమంది. తేలేకపోతే ఎవరూ తిట్టరు. జూన్‌లో పిలుపు రాదు, అంతే. మొదటి ఏడు ఇంటింటికీ తిరగాలంటే సిగ్గేసింది. రెండో ఏడు కోపం వచ్చింది. మూడో ఏటికి ఏమీ రాలేదు. చలికాలం పొద్దున్నే చన్నీళ్లలో బట్టలు పిండితే వేళ్లు ఎట్లా అవుతాయో లోపల అట్లా ఉండేది.

మా దిక్కు డిగ్రీ ఎంచుకునే పద్ధతి ఒకటుంది. ఏది చదివితే ఏ పని దొరుకుతుందని ఎవరూ అడగరు. చదువుకున్న మనిషి ఎదురుగా కనిపిస్తే, ఆ మనిషి ఏం చదివిందో కనుక్కుని అదే రాయిస్తారు. నేనూ అట్లా వచ్చినదాన్నే. మాది సిరిసిల్ల. మా బాపు సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. నా ఇంటర్ అయ్యాక మా గల్లీలో కిరాయికుండే బడి సారును అడిగి వచ్చి, "సారు బాటనీ సదివిండట, నువ్వు గూడ గదే తీస్కో" అన్నాడు. ఆ సారు ఎప్పుడు చదివాడో, ఆయనకు కొలువు దొరికిన రోజులు ఎట్లాంటివో మేం అడగలేదు. డిగ్రీ అయింది, పీజీ కూడా అయింది. సర్కారు పోస్టు పడేదాకా ఉందామని ఈ కాలేజీలో చేరాను. ఇంకా ఉన్నాను.

పోయిన ఏడు మే నెలలో మల్లాపూర్ దిక్కు ఒక ఊరికి వెళ్లాను. అప్పటికి నాకు తొమ్మిది మంది అయ్యారు, ఒక్కరు తక్కువ. ఒక ఇంటి ముందు రేకుల కింద ఒకామె బీడీలు చేస్తోంది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు. భర్త దుబాయిలో ఉన్నాడు. కూతురు బైపీసీ మంచి మార్కులతో పాసయింది. "కూసోండ్రి మేడం" అని ఆ పిల్లే కుర్చీ తెచ్చి వేసింది. నేను రోజూ చెప్పే ముచ్చట మొదలుపెట్టేలోపే తనే అడిగింది.

"మేడం, నేను నర్సింగ్ చేద్దామనుకుంటున్న. గది సదివితే దవాఖానల నౌకరి అస్తదట గద?"

వస్తుంది. ఆ సంగతి నాకూ తెలుసు. వాళ్ల అమ్మమ్మకు బాగాలేకపోతే జగిత్యాల దవాఖానలో పది రోజులు తోడుగా ఉందట. "సెలైన్ పెట్టుడు, కట్టు మార్చుడు అన్ని సూసిన. నాకు భయం కాలె" అంది. నేను తిరిగిన ఊళ్లన్నిటిలో, పని చూసి వచ్చి చదువు గురించి అడిగింది ఆ పిల్ల ఒక్కతే.

"నర్సింగ్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో తెల్వదు బిడ్డా. ముందుగాల డిగ్రీల సీటు పెట్టుకో. అది అచ్చినప్పుడు సూద్దాం" అన్నాను.

ఇందులో ఒక్క అబద్ధం లేదు. చెప్పాల్సిన మాట ఒకటి మింగేశాను. ఒరిజినల్ మెమో, టీసీ ఒకసారి మా కాలేజీ బీరువాలోకి పోతే మూడేళ్లకు గానీ బయటికి రావు. ఆ కాగితాలు చేతిలో లేనిదే నర్సింగ్ సీటు ఇవ్వరు.

తల్లి అప్పటిదాకా తలెత్తకుండా బీడీలు చుడుతూనే ఉంది. ఛాయ్ తాగేసరికి నేను మేడం నుంచి బిడ్డనైపోయాను.

"నువ్వేం సదివినవ్ బిడ్డా?"

"బాటనీ."

"మరి మా పిల్లకు గదే రాయి. నీ లెక్క ఫ్యాను కింద నిలవడి పాఠం జెప్తది. గీ తంబాకు నాతోనే పోనీ."

పిల్ల నా ముఖంలోకి చూసింది, నేను కాదంటానేమోనన్న ఆశతో. నేను ఫోను తీసి ఆన్‌లైన్ ఫారం తెరిచాను. తండ్రికి వీడియో కాల్ కలిపారు. తలకు తువ్వాల చుట్టుకుని ఉన్నాడు, వెనక ఎవరో పిలుస్తున్నారు. "మేడం ఎట్లంటే గట్ల చెయ్యుండ్రి" అని పెట్టేశాడు. తల్లి ఫోనుకు వచ్చిన ఓటీపీని పిల్లే చదివి చెప్పింది. సందుగలోంచి కాగితాల కవరు కూడా తనే తెచ్చి ఇచ్చింది. కవరును సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. పదిమంది పూర్తయ్యారు. సంతోషమూ రాలేదు, బాధా రాలేదు. ఆకలేసింది.

బతుకమ్మ సెలవుల ముందు ఒకరోజు ఆ పిల్ల స్టాఫ్ రూముకు వచ్చింది.

"మేడం, నర్సింగ్ లిస్టుల నా పేరచ్చింది. సోమవారం పోవాలె. ఒరిజినల్స్ కావాలంట."

ఆమెను ప్రిన్సిపాల్ గదికి తీసుకెళ్లాను. ఆయన విసుక్కోలేదు, నవ్వాడు. "మూడేండ్ల ఫీజు కట్టి తీస్కపొమ్మనుండ్రి" అని, నా వైపు తిరిగి, "మీరు తెచ్చిన అడ్మిషనే గద మేడం, మీరే సమజ్ జేయుండ్రి" అన్నాడు.

బయట వరండాలో సమజ్ చేశాను. బాటనీ కూడా మంచిదేనన్నాను. ల్యాబులుంటాయన్నాను. పీజీ చేయవచ్చన్నాను. నన్ను చూడు అని మాత్రం అనలేకపోయాను. ఆ పిల్ల ఏడవలేదు, నాతో వాదించనూ లేదు. "మా అమ్మకు జెప్పకుండ్రి మేడం, రంది పెట్టుకుంటది" అంది. సోమవారం కాలేజీకే వచ్చింది. మొదటి బెంచీలో కూర్చుని ఆకు అడ్డుకోత బొమ్మ గీసింది. క్లాసులో అందరికన్నా శుభ్రంగా గీసింది. నేను దాని కింద టిక్కు పెట్టాను. ఆ పూట నా మీద నాకు అసహ్యం వేయాల్సింది. అది కూడా వేయలేదు.

ఈ ఏడు ఎండాకాలం ప్రిన్సిపాల్ కొత్త పద్ధతి పెట్టాడు. చదువుతున్న పిల్లల్ని వెంట తీసుకెళ్లాలట, నమ్మకం కుదురుతుందట. మల్లాపూర్ దిక్కు కనుక ఆ పిల్లనే నాతో పంపాడు. అప్పటికి నాకు నలుగురే అయ్యారు. ఆ పిల్ల వాళ్ల ఊరి పక్క ఊళ్లో ఒక ఇంటికి వెళ్లాం. ఉపాధి పని నుంచి అప్పుడే వచ్చిన తల్లి కాళ్లు కడుక్కుని మా ముందు కూర్చుంది. కూతురు బైపీసీ పాసై, తలుపు పక్కన నిలబడి ఉంది. నేను చెప్పిందంతా విని, ఆమె నన్ను వదిలేసి నా పక్కనున్న పిల్లను అడిగింది.

"నువ్వేం సదువుతున్నవ్ బిడ్డా?"

"బాటనీ."

"మంచిగున్నదా?"

పిల్ల చున్నీ కొస వేలికి చుట్టుకుంది. ఆ తల్లి దాన్ని సిగ్గనుకుంది. "మరి మా పోరికి గూడ గదే రాయుండ్రి" అని లోపలికి పోయి కాగితాల కవరు తెచ్చింది. నేను అలవాటుగా చెయ్యి చాచాను.

"పెద్దమ్మా, ఒరిజినల్స్ ఇయ్యకు" అంది నా పక్కనున్న పిల్ల. గొంతులో కోపం లేదు, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. "జిరాక్సులియ్యి, సాలు. ఒరిజినల్స్ నీ దగ్గర్నే పెట్టుకో. పోరికి ఏం సదవాలని ఉన్నదో గది గూడ అడుగు."

తర్వాత నా వైపు తిరిగింది. "గంతే గద మేడం?"

తల్లి కవరు పట్టుకుని ఆగిపోయింది. తలుపు పక్కనున్న పిల్ల కూడా నన్నే చూస్తోంది. నా చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. కాదంటే ఐదో అడ్మిషన్ అవుతుంది. అవునంటే ఈ ముచ్చట రేపటికల్లా ఊరు దాటుతుంది, ఎల్లుండికి ప్రిన్సిపాల్ దాకా పోతుంది. నాకు భయమేసింది. చాలా రోజుల తర్వాత ఏదో ఒకటి అనిపించింది.

"గంతే" అన్నాను.

ఆమె కవరును మళ్లీ లోపల పెట్టి వచ్చి మాకు మంచినీళ్లిచ్చింది. బస్టాండు దాకా ఇద్దరం నడిచి వచ్చాం. ఆ పిల్ల ఒరిజినల్స్ ఇంకా మా బీరువాలోనే ఉన్నాయి.