అన్నిట్లోనూ మూడే కొట్టిన ఇరవై రెండు ఫారాలు

మొన్న శీతాకాలంలో ఒక స్వచ్ఛంద సంస్థ నాకు నూట ముప్ఫై ఎనిమిది ఫారాలు పంపింది. విశాఖ ఊరి బయట ఒక రొయ్యల కంపెనీలో తలలు తీసి, పొట్టు వలిచే ఆడవాళ్లు నింపిన ప్రశ్నావళి అది. నేను రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఖాళీ వేళల్లో ఇలాంటి పనులు చేసిపెడుతుంటాను. ప్రశ్నలు ఇరవై. "అవసరమైనప్పుడు పని ఆపి బాత్‌రూముకి వెళ్లగలుగుతున్నాను" లాంటి వాక్యాలు, ఒక్కోదాని ఎదురుగా ఐదు గడులు. ఒకటంటే అస్సలు ఒప్పుకోను, ఐదంటే పూర్తిగా ఒప్పుకుంటాను, మూడంటే ఎటూ కాదు. కొన్ని వాక్యాలు కావాలనే తిరగేసి రాస్తారు. "పని చెయ్యాలంటే భయంగా ఉంటుంది" అన్నట్టు. వాటికి మార్కులు కూడా తిప్పి వెయ్యాలి, ఐదు కొడితే ఒకటి, ఒకటి కొడితే ఐదు. చదవకుండా గుడ్డిగా టిక్కులు పెట్టినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. అలా మార్కులు వేస్తుంటే ఇరవై రెండు ఫారాల్లో పైనుంచి కిందిదాకా మూడే కనిపించింది. మూడుని ఎటు తిప్పినా మూడే. ఇలాంటి ఫారాలు లెక్కలోకి తీసుకోకూడదని క్లాసులో నేనే చెబుతాను కాబట్టి తీసి పక్కన పెట్టాను. మిగిలినవాటి సగటు నాలుగుకి దగ్గరగా వచ్చింది. "కార్మికులు చాలావరకు సంతృప్తిగా ఉన్నారు" అని రిపోర్టు రాసి పంపేశాను.

ఆ ఫలితాలు కంపెనీవాళ్ల ముందు చెప్పడానికి విశాఖ రమ్మని సంస్థ పిలిచింది. స్లైడ్లు తయారుచేసుకుంటూ పక్కన పెట్టిన ఫారాల నంబర్లు చూశాను. అన్నీ వరసగా ఉన్నాయి, అన్నిటి మీదా ఒకే షెడ్డు, ఒకే షిఫ్టు. శ్రద్ధ లేనివాళ్లు నూట ముప్ఫై ఎనిమిది మందిలో అక్కడక్కడా ఉంటారు గాని ఇలా ఒకేచోట పోగవ్వరు. ఈ సంగతి రిపోర్టు రాయకముందు చూడాల్సింది. ఆ ఫారాలు నింపించిన పైడితల్లికి ఫోన్ చేశాను. సంస్థలో సర్వేలు చేసే అమ్మాయి, ఉండేది కంచరపాలెం. "ఫోన్లో వొద్దు మేడమ్, మా వీధిలోనే ఒకావిడ ఉంది, వొచ్చి ఆవిడనే అడగండి" అంది.

రాజమండ్రి నుంచి ఒక్కరోజులో విశాఖ వెళ్లి రావాలంటే తెల్లవారుజాము రైలే మంచిది. కూర్చునే రిజర్వేషన్ టికెట్టు నూట యాభై లోపే. విశాఖకి ముందొచ్చే దువ్వాడ దాకా సమయానికే తెచ్చి, అక్కడ నలభై నిమిషాలు ఆపేశారు. మీటింగు ఉన్నవాళ్లు ఆ ఆలస్యం ముందే లెక్కేసుకోవాలి. తొమ్మిదిన్నరకి దిగి, జ్ఞానాపురం వైపు గేటు నుంచి బయటికొచ్చి షేర్ ఆటో ఎక్కాను, ఇరవై రూపాయలు. "కంచరపాలెంలో ఎక్కడికమ్మా? సుట్టాలింటికా?" అని డ్రైవరు అడిగాడు. సర్వే పని అన్నాను. "మా వీధికీ వొచ్చారు మొన్న. రాసుకున్నారు, ఎల్లిపోనారు. మళ్లీ వొచ్చినోలు ఒక్కల్లేరు" అన్నాడు. కోపంగా అనలేదు. వాన పడింది అన్నట్టు అన్నాడు.

పైడితల్లి రైలు పట్టాల పక్కనున్న వీధిలోకి తీసుకెళ్లింది. సన్యాసమ్మ గారికి యాభై దాటి ఉంటాయి. ఆ రోజు ఆవిడకి సెలవు. గుమ్మంలో పీట వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చారు. గ్లాసు పట్టుకున్న వేళ్ల చివర్లు తెల్లగా ఉబ్బి, గోళ్ల పక్కన చీలి ఉన్నాయి. రోజూ ఐసు నీళ్లలో నానే చేతులు. పైడితల్లి నంబరు చెబితే ఆవిడ ఫారం ఫోన్లో చూపించి, అన్నీ మూడే ఎందుకు కొట్టారని అడిగాను.

"రాసినప్పుడు మా ఎనకాల సూపర్‌వైజర్ నిల్సున్నాడమ్మా. ఒకటి కొడితే రేపట్నించి పనుండదు. ఐదు కొడదావంటే సెయ్యాడనేదు. నడిమిది కొట్టేస్తే ఎవలికీ అనుమానం రాదని మా షెడ్డోలం అందరం అనుకున్నాం."

"అంటే ప్రశ్నలు చదివే కొట్టారా?"

"సదవకుండా ఎలగమ్మా? నాకు సదువు రాదు, పక్కనున్న గుంట, సదువుకున్న పిల్ల, సదివి వినిపించినాది. బాత్‌రూము మాట వొచ్చినప్పుడు అందరం ఒకల మొకం ఒకలు సూసుకున్నాం. నాలుగ్గంటలకోపాలి పంపుతారు, అదీ అడుక్కోవాల. నీలు తాగడం మానేసినోలు ఉన్నారు మాలో." ఫోన్లో ఉన్న ఫారం వైపు చూపించి, "మా కాయితాలు సూసి మీకేటి తెలిసినాది?" అని అడిగారు.

చదవకుండా కొట్టారనుకుని తీసేశానని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, కానీ అబద్ధం నోట రాలేదు. ఆవిడ పైడితల్లి వైపు చూసి, "మరి ఆపాటి దానికి రాయించడం ఎందుకే" అన్నారు. లేచినప్పుడు నా మోచెయ్యి పట్టుకుని, "నా పేరు మాత్రం సెప్పకండమ్మా" అన్నారు. చెప్పనని మాటిచ్చాను.

కంచరపాలెం నుంచి సంస్థ ఆఫీసున్న ద్వారకా నగర్‌కి ఆర్టీసీ కాంప్లెక్స్ బస్సు ఎక్కితే సరిపోతుంది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి సున్నా టికెట్టు. అరగంట దారి. కాంప్లెక్స్ దగ్గర హోటల్లో భోజనం నూట ఇరవై. చారు బాగుందన్న సంగతి తప్ప ఇంకేం తిన్నానో గుర్తులేదు. అక్కడే లాప్‌టాప్ తెరిచి ఆ ఇరవై రెండు ఫారాలూ కలిపి మళ్లీ లెక్క కట్టాను. సగటు కాస్త తగ్గిందంతే. మాట మారలేదు, "సంతృప్తి" అలాగే ఉంది. భయపడి కొట్టిన మూడుకీ, నిజంగా ఎటూ తేల్చుకోలేక కొట్టిన మూడుకీ నా లెక్కలో ఒకటే విలువ.

మూడు గంటలకి సంస్థ ఆఫీసులో మీటింగు. ముందుగా కోఆర్డినేటర్‌కి సంగతంతా చెప్పి, ఫారాలు ఇళ్ల దగ్గర మళ్లీ నింపిద్దామన్నాను. "రిపోర్టు ప్రింటైపోయింది మేడమ్. కావాలంటే చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఒక గమనిక వేద్దాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కంపెనీ తరఫున వచ్చిన మేనేజరు ముందు స్లైడ్లు పక్కన పెట్టి, ఈ ఫలితాలు నమ్మదగినవి కావు, కొందరు భయపడి నింపారు, బాత్‌రూముకి కూడా పంపడం లేదు అని చెప్పాను. ఆయన విసుక్కోలేదు, ముందుకి వంగి శ్రద్ధగా విన్నాడు.

"మంచి విషయం చెప్పారు మేడమ్. మాకు తెలియాల్సింది ఇలాంటివే. ఏ షెడ్డో చెబితే వెంటనే సరిచేసుకుంటాం."

"రెండో షెడ్డు, పొద్దుటి షిఫ్టు" అన్నాను.

ఆయన డైరీలో రాసుకున్నాడు. తలుపు దగ్గర కూర్చున్న పైడితల్లి తల దించేసింది. కిందికి దిగాక మెట్ల దగ్గర ఆగి, "షెడ్డు పేరు సెప్పీసినారేటి మేడమ్? ఆ షిఫ్టులో ఉన్నదే ఇరవై రెండు మంది" అంది. సన్యాసమ్మ గారి పేరు చెప్పలేదని నేనన్నాను. ఆ అమ్మాయి నన్ను స్టేషన్ ఆటో ఎక్కించింది.

పది రోజులకి పైడితల్లి ఫోన్ చేసింది. బాత్‌రూము పద్ధతి మారలేదు. ఇరవై రెండు మందినీ విడగొట్టి తలా ఒక షెడ్డుకి, తలా ఒక షిఫ్టుకి వేశారు. సన్యాసమ్మ గారిని ఐసు మోసే చోట పెడితే నడుం పట్టేసి పని మానేశారు. ఫోన్ ఆవిడకి ఇచ్చింది. నేను క్షమించమన్నాను.

"మీరు మా మంచికే సెప్పినారని పైడితల్లి అంతాది. మంచికే అయ్యుంతాది లెండి" అన్నారు. "ఇంకెప్పుడైనా కాయితాలు పట్టుకుని ఎల్తే, మా షెడ్డు గుంటల దగ్గరికి మాత్రం ఎల్లకండమ్మా."

ఆ తరవాత రిపోర్టు వెనక్కి తీసుకోమని సంస్థకి రెండు ఉత్తరాలు రాశాను. నా పేరు రిపోర్టు నుంచి తీసేశారు, రిపోర్టు మాత్రం అలాగే ఉంది. పద్దెనిమిదేళ్లుగా పిల్లలకి సగటు, మధ్యగతం చెబుతున్నాను. ఫారం వెనక మనిషి ఉంటాడని కూడా చెబుతూనే ఉన్నాను, పరీక్షలో రాని మాటగా. ఆ ఒక్క పనిలో నేను రెండు తప్పులు చేశాను. వాళ్లు నోరు మూసుకున్నది లెక్కకి రాదనుకోవడం మొదటిది. తెలిశాక ఆ లెక్కని, అడిగినవాడు ఎవడో ఆలోచించకుండా, చేతిలో పెట్టెయ్యడం రెండోది. మొదటిదానికి పాఠ్యపుస్తకాన్ని తప్పుపట్టొచ్చు. రెండోది పూర్తిగా నాదే.

ఇలాంటి పని మీద విశాఖ వెళ్లేవాళ్లకి ఒక్కటే చెబుతాను: మీటింగు సంగతి తరవాత, ముందు మీరే వెళ్లి ఫారాలు పనిచేసే చోట కాకుండా ఇళ్ల దగ్గర, షిఫ్టు దిగి అన్నం తిన్నాక నింపించండి, ఫారం మీద షెడ్డు నంబరు వేసే గడి అసలు పెట్టకండి.