ఒళ్ళు మరచిపోని పగ

నా చిన్నప్పటి ఆదోనిలో మా ఇంటికి ఒక పక్క పత్తి జిన్నింగు మిల్లు ఉండేది. గాలిలో ఎప్పుడూ దూది నూగు తేలుతుండేది. తమ్ముడు పుట్టిన ఏడు, ఉగాది ముందు, రెండో పక్క గోడ దాటి ఇంకొకటి కూడా వచ్చేది: పక్కింటి పిల్లవాడి కోరింత దగ్గు. దగ్గి దగ్గి చివరికి ఊపిరి లాక్కునేటప్పుడు వాడి గొంతులోంచి ఒక కూత వచ్చేది. అది వినబడితే మా అమ్మ ఒళ్ళోని తమ్ముణ్ణి ఇంకా దగ్గరికి లాక్కునేది. వాడింకా మెడ నిలబెడుతున్న పసివాడు.

అమ్మ ఎవరికీ చెప్పకుండా వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఆ దగ్గు రాకుండా వేసే సూది వేయించింది. సాయంత్రానికి తొడ వాచింది, ఒళ్ళు కాలింది. ఇక మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, నోటికి అడ్డు లేకపోయింది. ఆమె కన్న ఒక ఆడపిల్ల చిన్నతనంలో జ్వరంతోనే పోయిందట. నవ్వుతూ ఆడుకునే బిడ్డకు జ్వరం కొనితెచ్చిందని, వచ్చిన వాళ్ళందరి ముందూ అమ్మను తిట్టింది. మర్నాటికి జ్వరం దిగింది గానీ తిట్లు దిగలేదు. నెల తర్వాత రెండో సూది తప్పకుండా వేయించాలని డాక్టరు చెప్పి పంపాడు. బిడ్డతో గడప దాటితే మళ్ళీ లోపలికి రావద్దని అవ్వ చెప్పింది. నాన్న పత్తి మండీ నుంచి వచ్చేవాడు, ఇద్దరి మొహాలూ చూసేవాడు, అన్నం తిని మళ్ళీ మండీకే పోయేవాడు.

ఉగాది వెళ్ళాక మా మేనమామ వచ్చాడు. ఆయన అమ్మకు అన్న. ఆస్పరి దగ్గర బడిలో సైన్సు చెప్పేవాడు. ఆ దగ్గరే కైరుప్పలలో ఉగాది పోయాక, ఆచారం ప్రకారం, ఊరంతా రెండు వర్గాలై పిడకలతో కొట్టుకుంటారు. చూడబోయిన మామ కనుబొమ మీద దెబ్బ తిని, వాచిన మొహంతో మా ఇంటికి వచ్చాడు. అవ్వకు అంతకంటే ఏం కావాలి.

"అయ్యవారు చదువు బాగా నేర్చుకొని వచ్చినాడే. మొగం మీదనే రాసి పంపినారు" అంది.

మామ నవ్వలేదు. ఆయనకూ అవ్వంటే గిట్టదు.

ఆ సాయంత్రం నన్ను పిలిచి పెరట్లోంచి చెంబు తెమ్మన్నాడు. నేను అవ్వ పేర్చిన పిడకల కుప్ప దాటానో లేదో, గోడ వెనక నుంచి వీధి పిల్లలు నా మీద పిడక ముక్కలు విసరసాగారు. నాకు కనీసం చేతులు అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు. నోరు తెరిచి ఏడుస్తూ నిలబడ్డాను. ఆ నోట్లో పిడక పొడి పడింది. కుప్పలోంచి ముక్కలిచ్చి వాళ్ళను ఉసిగొల్పింది మామేనని తెలిసి ఆయన చేయి కొరికాను. నన్ను ఏడిపించినందుకూ, వేణ్ణీళ్ళ పొయ్యికి దాచుకున్న పిడకలు పాడు చేసినందుకూ కలిపి అవ్వ ఆయన్ని తిట్టింది.

మర్నాడు మామ మళ్ళీ చెంబు తెమ్మన్నాడు. ఈసారి చాట అడ్డం పెట్టుకుని, గౌను ఒడి నిండా ముక్కలు నింపుకుని పోయాను. గోడ మీద మొదటి తల లేవగానే విసిరాను. వాళ్ళు పరుగో పరుగు. చెంబు తెచ్చి మామ కాళ్ళ ముందు పడేశాను.

అప్పుడు ఆయన అవ్వ వైపు తిరిగాడు.

"నిన్న దీనికి దెబ్బ యాడనుంచి వస్తాదో తెలీదత్తా. ఈ పొద్దు తెలుసు. సూది కూడా ఇంతే. దాంట్లో ఉండేది చచ్చిన క్రిమి. పిడక మాదిరి, రాయి కాదు. పిల్లోని ఒళ్ళు దాన్ని చూసి బెదిరింది, వేడెక్కింది, కొట్లాట నేర్చుకుంటాంది. ఒక్క తూరికి గట్టిగా నిలవదు. మళ్ళీ చూపించాల."

"నేర్చుకోకపోతే?" అంది అవ్వ.

పక్కింటి గోడ అవతల దగ్గు మొదలైంది. అది తెగేదాకా అందరం వింటూ ఉండిపోయాం.

అయినా అవ్వ ఓడిపోయే మనిషి కాదు. "కొట్లాట కొట్లాట అంటావే, కూడు లేకుంటే ఎవుడప్పా కొట్లాడేది? మీ చెల్లెల్ని చూడు, ఎండిన పుల్ల. పాలు యాడనుంచి వస్తాయి?"

"బాలింత పథ్యమని నెలల తరబడి కారప్పొడి అన్నం పెడతాండేది ఎవరు?" అన్నాడు మామ.

అవ్వ మొహం నల్లబడింది. ఆ మాటకు ఆమె ఆయన్ని జన్మలో క్షమించలేదు. కానీ మర్నాటి నుంచి అమ్మ కంచంలో పప్పు, ఆకుకూర, గడ్డ పెరుగు కనిపించాయి. వడ్డించేటప్పుడు గరిటె కంచానికి కొట్టుకునే చప్పుడు మాత్రం వీధిలోకి వినిపించేది.

రెండో సూదికి అవ్వే తమ్ముణ్ణి చంకన వేసుకుని పోయింది, అమ్మ మీద నమ్మకం లేక. నర్సు చేతిలోని సూదిని పాముని చూసినట్టు చూసిందని వెంట వెళ్ళిన అమ్మ తర్వాత చెప్పింది. మళ్ళీ జ్వరం వచ్చింది. తడిగుడ్డ వేస్తూ అవ్వ మామను పేరు పెట్టి తిట్టింది, మూడో సూదికీ తనే పోయింది. ఆ ఎండాకాలం దగ్గు మా వీధిలో చాలా ఇళ్ళు తిరిగింది. తమ్ముడికి రాలేదు. సూది వల్ల అన్నాడు మామ. నేను పెట్టిన కూటి వల్ల అంది అవ్వ. కాలేజీలో చదివాక నాకు తెలిసింది, శత్రువును చూపించేది సూది, నిలబడి కొట్లాడే బలం ఇచ్చేది తిండీ నిద్రా అని. అది చెప్పే నాటికి అవ్వ లేదు. కైరుప్పలలో దెబ్బలు తిన్నవాళ్ళు విభూతి పూసుకుని రాజీ అయిపోతారు. మా ఇంట్లో ఆ రాజీ జరగనే లేదు.

ఇప్పుడు నేను ఎమ్మిగనూరు కోడల్ని. పొద్దున నా కూతురికి సూది వేయించాను. సాయంత్రం నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది. మా అత్తగారు అచ్చం అవ్వ అన్న మాటలే అంటున్నారు. నాకూ భయమే. మాటిమాటికీ నుదురు తాకి చూస్తున్నాను, పాలు తాగుతోందా లేదా అని చూస్తున్నాను. భయం ఎక్కువైనప్పుడల్లా ఆ పెరడు గుర్తొస్తుంది, నోట్లో పిడక పొడి రుచి తగులుతుంది. ఆ మొదటి సాయంత్రానికి మామ మీద నా కోపం ఇన్నేళ్ళైనా పోలేదు. పోకపోవడమే ఆయన నేర్పిన పాఠం. ఈ చిన్న ఒళ్ళు కూడా ఇప్పుడు లోపల ఆ దగ్గు తెచ్చే శత్రువు మొహాన్ని గుర్తు పెట్టుకుంటూ ఉంటుంది. వేడి నుదుటి మీద చేయి వేసి దాని చెవిలో ఒక్క మాటే చెబుతున్నాను: వాణ్ణి ఎప్పటికీ క్షమించకు తల్లీ.