మెత్తబడిన మరమరాలు

ఢిల్లీలో ఉద్యోగం చేసిన రోజుల్లో నాకొక దురలవాటు ఉండేది. బయట ఎక్కడ ఏం తిన్నా, ఇంటికొచ్చి దాని గురించి నాలుగు ముక్కలు రాయకపోతే తిన్నది అరిగేది కాదు. ఇందిరాపురంలో మేమున్న అపార్ట్‌మెంట్లలోనూ, ఆ చుట్టుపక్కలా ఉన్న తెలుగు కుటుంబాలన్నీ కలిసి ఒక ఈ-మెయిల్ గ్రూపు పెట్టుకున్నాయి. అద్దెకు ఫ్లాట్ ఖాళీ ఉందా, మంచి పనిమనిషి ఎవరైనా తెలుసా, పిల్లలకు తెలుగు చెప్పేవాళ్ళున్నారా, ఇవీ అందులో తిరిగే కబుర్లు. వాటి మధ్య ప్రతి ఆదివారం నా హోటళ్ళ సమీక్ష ఒకటి ఊడిపడేది. రాయమని నన్నెవరూ బతిమాలలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేస్తూ, చదివేవాళ్ళ కళ్ళు ఎలా పోతాయో అన్న చింత కూడా లేకుండా రాసుకుపోయేవాణ్ణి.

తినడం కంటే చూడటం నాకు ఎక్కువ ఇష్టం. మా మార్కెట్లో రాజ్మా చావల్ అమ్మే బండి దగ్గర పావుగంట నిలబడి, అతను ఉల్లిపాయను కత్తితో కోయకుండా గుప్పిటతో ఎందుకు పగలగొడతాడో చూశాను. ఎందుకో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. మా ఆఫీసులో ఒకాయనకు ప్రమోషన్ వస్తే సాకేత్‌లో ఒక బార్‌కు తీసుకెళ్ళాడు. నేను తాగేవాణ్ణి కాను. రెండు గంటలసేపు నిమ్మకాయ సోడా ముందు పెట్టుకుని, అక్కడి మసాలా వేరుశనగలు ఎలా చేశారో ఆరా తీస్తూ కూర్చున్నాను. లోపల ఎంత చీకటంటే, మెనూ చదువుకోమని వెయిటర్ టార్చిలైటు తెచ్చిచ్చాడు. బార్ గురించి నేను రాసిన సమీక్షలో మందు మాట ఒక్కటీ లేదు, పేజీ నిండా వేరుశనగలే. గ్రూపులో అందరూ తెగ నవ్వుకున్నారు. దాంతో నేను కాస్త పేరున్నవాణ్ణయిపోయాను. లిఫ్టులో ఎదురైన ఆంటీలు "ఈ వారం ఎక్కడండీ?" అని అడగడం మొదలుపెట్టారు. నాకది బాగా నచ్చింది. లేదని చెప్తే అబద్ధమవుతుంది.

నాకొక నియమం ఉండేది. హోటల్ వాళ్ళతో మాట కలపకూడదు, ఏమీ అడగకూడదు. గుట్టుగా వెళ్ళి, తిని, వచ్చి రాయాలి. సమీక్ష రాస్తానని తెలిస్తే కొత్తల్లుడికి చేసినట్టు మర్యాదలు చేస్తారు, అసలు రుచి బయటపడదు అని నా వాదన. మా ఆవిడ మాత్రం, "అడిగితే మీకు తెలియదని వాళ్ళకు తెలిసిపోతుంది, అదీ సంగతి" అనేది. నేను వినిపించుకునేవాణ్ణి కాదు.

ఒక వానాకాలం మా వెనక వీధిలో కొత్త టిఫిన్ హోటల్ వెలిసింది. నాలుగు బల్లలు, ఒక స్టవ్వు, గోడకు హిందీలోనూ తెలుగులోనూ రాసిన బోర్డు. నడిపేది అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒకావిడ. ఆవిడ భర్త ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. హోటల్ తెరుస్తున్నామని, ఆదివారం పొద్దున మా ఊరి టిఫిన్ పెడుతున్నామని, అందరూ రావాలని ఆయన గ్రూపులో ఎంతో వినయంగా రాశాడు. కోస్తా నుంచి వచ్చిన మా గుంపుకి నోరూరింది. నేను అందరికంటే ముందే వెళ్ళి కూర్చున్నాను.

ఆ రోజు చేసింది ఒకటే టిఫిన్. కాబట్టి ఏం కావాలని ఆవిడ అడగలేదు, నా నియమం ప్రకారం నేనూ ఇదేమిటని అడగలేదు. పళ్ళెం వచ్చింది. పసుపు పచ్చటి మరమరాలు, వేయించిన ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, పైన ఏదో పప్పుల పొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. మరమరాలంటే నాకు తెలిసింది భేల్‌పురీ, లేదా మా ఇంట్లో డబ్బాలో పోసుకునే కారప్పూస మిక్చరు. పంటి కింద కరకరలాడతాయని నోట్లో వేసుకున్నాను. చప్పుడు లేదు. మెత్తగా జారిపోయాయి. ఇంకో పిడికెడు తిన్నాను, అంతే. బయట వాన పడుతోంది, గోడలన్నీ చెమ్మగా ఉన్నాయి. నా బుర్రకు కారణం వెంటనే తట్టేసింది. ఆవిడ పక్కనే బజ్జీలు వేస్తూ నా వంక ఒకసారి చూసి నవ్వింది. నేను కూడా తల ఊపి, డబ్బులిచ్చి వచ్చేశాను.

ఆ సమీక్ష రాస్తున్నప్పుడు నాకు ఎంత హుషారుగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. మరమరాల మూట వానలో తడిసినట్టుందని, నిన్నటివో మొన్నటివో అయి ఉంటాయని, పసుపు పూసి వాటికి స్నానం చేయించి పెళ్ళికూతుర్ని చేశారని, బజ్జీలు లేకపోతే నేను బతికి బయటపడేవాణ్ణి కాదని రాశాను. బార్‌లో వేరుశనగలకు కూడా అన్ని జవాబులు రాలేదు. ఒకాయన ఈసారి గొడుగు పట్టుకుని టిఫిన్‌కి వెళ్దామన్నాడు. తర్వాతి ఆదివారం నేను కూరగాయలకు వెళ్తూ చూస్తే నాలుగు బల్లల్లో మూడు ఖాళీ. ఆహా, జనం నా మాట వింటున్నారే అనుకున్నాను. అంతకు మించి ఇంకేమీ అనుకోలేదు, అదే ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేసే విషయం.

మూడు నాలుగు వారాల తర్వాత ఆఫీసులో నా పక్క సీటు అతను పొద్దున్నే టిఫిన్ డబ్బా తెరిచాడు. కర్నూలు కుర్రాడు, చార్టర్డ్ బస్సు తప్పిపోతుందన్న హడావిడిలో ఇంట్లో తినకుండా తెచ్చుకున్నాడు. డబ్బాలో అవే పసుపు పచ్చ మరమరాలు. ఒక స్పూను నాకూ పెట్టాడు. అంతే మెత్తగా ఉన్నాయి. ఇవి కూడా మెత్తబడిపోయాయే అన్నాను జాలిగా. అతను నా వంక వింతగా చూశాడు. ఇది ఉగ్గాని అని, బొరుగులను నీళ్ళలో తడిపి, పిండి, తాలింపులో కలుపుతారని, పైన పుట్నాల పొడి చల్లుతారని చెప్పాడు. బొరుగులంటే మేము మరమరాలు అనేవే. కావాలనే తడుపుతారా అని నేను రెండుసార్లు అడిగాను.

"తడపకుంటే ఉగ్గాని ఎట్లయితాది సార్?" అన్నాడు.

ఇక ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. ఎంతసేపు తడపాలి, ఎంత గట్టిగా పిండాలి, బజ్జీ పక్కనే ఎందుకు ఉండాలి, మీ వైపు పెళ్ళిళ్ళలో కూడా పెడతారా. అతను ఓపిగ్గా అన్నీ చెప్పాడు. ఇవే ప్రశ్నలు ఆ ఆదివారం హోటలావిణ్ణి అడిగి ఉంటే సరిపోయేది. మా సెక్షన్‌లో నా పనేమిటంటే, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు, చెప్పకుండా సెలవు పెట్టినవాళ్ళకు మెమో తయారు చేసి సంజాయిషీ అడగడం. అడగకుండా, జవాబు రాకుండా, ఒక ప్యూన్ మీద కూడా చర్య తీసుకోవడానికి వీల్లేదు. కొత్తగా వచ్చిన గుమాస్తాలకు ఈ పాఠం చెప్పేది నేనే. ఆ రోజంతా ఫైళ్ళ మీద నా సంతకం చూసుకుంటుంటే నాకే ఒళ్ళు మండింది.

శనివారం పొద్దున ఆ హోటల్‌కి వెళ్ళాను. బోర్డు మీద పాత రాత చెరిపేసి ఇడ్లీ, వడ, దోశ అని రాయించారు. జనం ఎవరూ లేరు. ఆవిడ పప్పు రుబ్బుకుంటోంది. ఉగ్గాని ఉందా అని అడిగాను. ఆ పేరు నా నోట వినగానే ముఖం విప్పారింది, మాది ఏ ఊరని అడిగింది. ఏలూరు దగ్గర అని చెప్పాను. ఇప్పుడు చేయడం లేదని చెప్పి, ఎందుకని నేను అడక్కముందే తనే అంది.

"ఎవరో కంప్యూటర్లో రాసినారంట సార్, మా ఆయన చదివి చెప్పినాడు. బాగలేదని రాసింటే ఊరుకుంటాంటి. నిన్నటివి పెట్టినానని రాసినారు."

నోరు మూసుకుని ఒక దోశ తిని వచ్చేసే వీలు నాకుంది. ఆవిడకు నా ముఖం గుర్తులేదు. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నా వైపు చూడకుండా తడిచేతిని చీర కొంగుకు తుడుచుకుంటోంది, తుడుచుకుంటూనే ఉంది. రాసింది నేనేనని చెప్పేశాను. తెలియక రాశానని, మా వైపు అలా చేయరని, క్షమించమని ఏవేవో గొణిగాను.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"ఒక్క మాట అడిగింటే చెప్తాంటి కదా సార్," అంది. "ఆడనే నిలబడి ఉంటి."

ఆ మధ్యాహ్నమే కూర్చుని గ్రూపుకి పెద్ద ఉత్తరం రాశాను. ఉగ్గాని అంటే ఏమిటో, ఎలా చేస్తారో, నా తెలివితక్కువతనం ఎంత గొప్పదో పూసగుచ్చినట్టు వివరించాను. నా సమీక్షలన్నింటిలోనూ ఏదైనా ఒకదాన్ని కష్టపడి రాశానంటే అది అదే. దానికి వచ్చింది ఒకే ఒక్క జవాబు. అక్కడ ఇడ్లీ ఎలా ఉంటుంది అని ఒక అంకుల్ అడిగాడు.

"నవ్వించేది అయితే చదువుతారు కానీ, మీ తప్పులు ఎవరు చదువుతారండీ," అంది మా ఆవిడ.

మర్నాడు మేమిద్దరం వెళ్ళాం. బల్లలు నిండి ఉన్నాయి, అంకుల్ కూడా కుటుంబంతో వచ్చాడు. అందరి ముందూ ఇడ్లీలే. నా మనసు తేలికపడింది. పోనీలే, వ్యాపారం నిలబడింది అనుకున్నాను. మళ్ళీ ఉగ్గాని ఎప్పుడు పెడతారని అడిగాను. అది ఇంట్లో చేసుకుంటామని, అంగట్లో మాత్రం ఇక వద్దని చెప్పి, మాకు ఇడ్లీలు తెచ్చిపెట్టింది.

పెట్టి వెళ్ళలేదు. బల్ల పక్కనే నిలబడి, ఎట్లున్నాయి సార్ అని అడిగింది. బాగున్నాయన్నాను. ఉప్పు సరిపోయిందా, పిండి పులిసిందా, మీ వైపు ఇంత మెత్తగా చేస్తారా అని మా ఆవిణ్ణి అడిగింది. తర్వాత పక్క బల్లకు వెళ్ళి అక్కడా అవే ప్రశ్నలు వేసింది. అంకుల్ కొంచెం గట్టిగా ఉన్నాయన్నాడు. ఆవిడ తల ఊపి వెంటనే లోపలికి వెళ్ళి పిండి గిన్నెలో వేలు పెట్టి చూసింది, నాకైతే అవి గట్టిగా అనిపించలేదు. మొదటి ఆదివారం బజ్జీలు వేస్తూ నవ్విన మనిషి ఎవరినీ ఏమీ అడగలేదు.

మళ్ళీ మా బల్ల దగ్గరికి వచ్చినప్పుడు ఈసారి నేనే అడిగాను, మీరు తిన్నారా, మీకెలా అనిపించాయి అని.

"నాకు ఇడ్లీ ఎక్కదు సార్," అంది మెల్లగా. "ఎట్లుంటే బాగున్నట్టో నాకు తెలీదు. అందుకే అందర్నీ అడుగుతాండా."

మా ఆవిడ నా వంక చూసింది. నేను ప్లేటులోకి చూస్తూ ఇంకో ముక్క తుంచుకున్నాను. హోటలావిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది, నేను మింగేదాకా ఆగి ఏం చెప్తానో వినడానికి.