ఆశ ఉండేవాళ్లు చూడకూడదు

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఆఫీసు ముందు బస్సు ఆగినప్పుడల్లా కండక్టరు గొంతు చించుకుంటాడు. "మడివాళ, మడివాళ, మడివాళ!" ఎక్కేవాళ్లకు అది దిగాల్సిన చోటు. నాకు మాత్రం ఆ కేక చెవిన పడగానే ఒక చిన్న ప్లాస్టిక్ ప్లేటు కళ్లముందుకొస్తుంది. దాని మూతమీద నల్లసిరాతో రాసిన ఆ పేరే. వెంటనే రత్నమ్మ మేడమ్ గుర్తొస్తారు, ఇక ఆ పూట నా కాఫీ చల్లారిపోవలసిందే.

తొంభైల చివర్లో కర్నూలు నుంచి పరిశోధన చేద్దామని బెంగళూరొచ్చాను. మడివాళలో పీజీ హాస్టల్లో ఉండేదాన్ని. గదిలో మిగతావాళ్లంతా కంప్యూటరు చదువులు. నేను కణాలు పెంచుతానంటే "దానికి జీతం కూడా ఇస్తారా!" అని ముక్కున వేలేసుకునేవాళ్లు. నా గైడు డాక్టర్ రత్నమ్మ. వాళ్ల తాతలు పెనుకొండ వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పెద్దపెద్ద సభల్లో ఇంగ్లీషు దంచేసి వచ్చిన మనిషి, ల్యాబులో అడుగుపెట్టగానే "ఏం పాపా, మన కణాలు తిన్యాయా?" అని అడిగేవారు. నేను తిన్నానో లేదో మాత్రం తర్వాత అడిగేవారు!

మా పని చెబుతాను. ప్రతి కణానికీ బయటినుంచి కబుర్లొస్తాయి, పెరగమనీ, ఇక చాలించమనీ. వీధి తలుపు బెల్లు మోగితే ఇంట్లోవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నట్టు ఆ కబురు లోపలికి చేరుతుంది. ప్లాస్టిక్ ప్లేట్లలో మేం పెంచే రక్తక్యాన్సరు కణాల్లో తలుపు దగ్గర ఎవరూ లేకపోయినా బెల్లు మోగుతూనే ఉంటుంది. దాన్ని ఆపే మందు కోసమే మా వెతుకులాట. కబురు జోరుగా ఉంటే, ఆ కణాల నుంచి తీసే ఎక్స్‌రే లాంటి ఫిల్ము మీద నల్లటి గీత పడుతుంది, ఆగితే గీత వెలిసిపోతుంది. మా దగ్గరున్న ఒక పసుపురంగు పొడిని కరిగించి పోస్తే గీత వెలిసిపోతోంది. మళ్లీ మళ్లీ చేసినా అంతే. మా ఆనందం ఇంతా అంతా కాదు.

మేడమ్ చెల్లెలు పద్మగారు జయనగర్‌లో టీచరు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. ఆమెకు అదే జబ్బు. డాక్టర్లు ఇచ్చిన మందులు ఒక్కొక్కటే పనిచేయడం మానేశాయి. ఒక మధ్యాహ్నం అక్కకు చిత్రాన్నం డబ్బా తెచ్చి, మైక్రోస్కోపులో చూస్తానని పట్టుబట్టారు.

"ఇవేనా నన్ను తింటుండేది? ఎంత అందంగా ఉండాయే!" అని నవ్వి, చూపు తిప్పకుండానే అడిగారు. "అక్కా, ఆ పొడి రవ్వంత నాకియ్యరాదా?"

"సుమ్నిరు, ఊరుకో పద్మా. అది పనిచేస్తాదో లేదో నాకే తెలీదు. తెల్సినంక, డాక్టర్లు ఒప్పుకున్నంక చూస్తాం."

"అంతవరకూ నేనుండొద్దా?"

మేడమ్ చిత్రాన్నం డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశారు.

మేడమ్‌కు ఒక పద్ధతి ఉండేది. ఏ ఫలితమైనా మా గడప దాటేముందు ఆఖరి పరీక్ష చేయాలి. మందున్న ప్లేటేదో, లేనిదేదో పనిచేసేవాళ్లకు తెలియకూడదు. పక్క ల్యాబులోని ప్రొద్దుటూరు షఫీ వచ్చి ప్లేట్లను కలగలిపి, మూతలమీద బస్‌స్టాపుల పేర్లు రాసేవాడు. గుట్టు అతని నోట్లోనే. "ఆశ ఉండేవాళ్లు చూడకూడదు పాపా. కన్ను మనం కోరిందే చూస్తాది," అనేవారు మేడమ్. ఈసారి ఫిల్ము దగ్గరికి తాను రానే రానన్నారు.

డిసెంబరు పొద్దు, ఎముకలు కొరికే చలి. పేర్ల ఇంగ్లీషు అక్షరాల వరుసలోనే ఒక్కొక్క ప్లేటూ తీసి పని ముగించాను. ఫిల్ము కడిగి చూస్తే మడివాళ, యశవంతపుర వెలిసిపోయాయి. హూడి, జయనగర్ నల్లగా ఉన్నాయి. మందు పోసినవి రెండే. రెండు పోయాయి, రెండు ఉన్నాయి, ఇంకేం కావాలి! పరుగెత్తాను.

"నాకు చూపియ్యొద్దు. ముందు షఫీని పిలువు," అన్నారు మేడమ్. అతను రాగానే అడిగారు. "మడివాళ ఏమప్పా?"

"దాంట్లో మందు పొయ్యలేదు మేడమ్."

నేనే అడిగేశాను. "హూడి?"

"దాంట్లో మందుండాది."

మేడమ్ నా వైపు తిరిగారు. "కడాన తీసిన ప్లేట్లు ఏవి పాపా?" అన్నారు. మడివాళ, యశవంతపుర. ఆవిడ లేచొచ్చి మా రాతిబల్లమీద అరచెయ్యి ఆనించారు. "చల్లారినాయి," అన్నారు.

అప్పుడర్థమైంది. కణాలుండే వెచ్చటి పెట్టెలోంచి ప్లేట్లన్నీ ఒకేసారి బయటపెట్టి, మందు లేనివాటిని ముందు, మందున్నవాటిని చివర తీయడం మా ల్యాబులో మొదట్నుంచీ అలవాటు. చివరివి చల్లటి రాతిమీద కాచుకుని, కాచుకుని మందగించేవి. బెల్లు ఆపింది పొడి కాదు, బెంగళూరు చలి. "ఆ వరుస పెట్టింది నేనేనప్పా," అని మేడమ్ షఫీతో అన్నారు, అతనికేదో బాకీ ఉన్నట్టు. అన్నింటినీ వెచ్చగా ఉంచి మళ్లీ చేశాం. గీతలన్నీ ఒకేలా నల్లగా వచ్చాయి.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. "మోతాదు పెంచి చూద్దాం మేడమ్, ఏదో ఒకటి చేద్దాం," అన్నాను. ఆవిడ చేతిసంచీ తీసుకున్నారు. "పద్మకు చెప్పల్ల. వేరేవాళ్ల నోట వినకూడదు," అని వెళ్లిపోయారు. మరునాటి నుంచి సెలవు. ఓడిపోయి మొహం చాటేసిందని నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ కోపమొచ్చింది. ఇంకో మందు వెతకాల్సిన మనిషి ఇంట్లో కూర్చుంటుందా?

అడిగేద్దామని వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో ఎండకు అక్కాచెల్లెళ్లిద్దరూ నానిన అనపగింజలు తొక్క ఊడేలా పిదుకుతున్నారు. మేడమ్ వేళ్లలోంచి ఒక గింజ ఎగిరి నా చీరమీద పడింది.

"రా పాపా," అన్నారు పద్మగారు. "మా అక్కకు మందూ చేత కాలా, పితికిపప్పూ చేత కాలా!"

మేడమ్ పడీపడీ నవ్వారు. ఆవిడ అలా నవ్వడం నేనెన్నడూ చూడలేదు. అడగాలనుకున్నది మింగేసి నేనూ గింజలు పిదికాను.

ఉగాది రాకముందే పద్మగారు పోయారు. పదకొండోరోజు అందరూ వెళ్లిపోయాక మేడమ్ నా పక్కన కూర్చున్నారు. "ఆ పరీక్ష చెయ్యకపోయింటే నేను ల్యాబులోనే ఉండేదాన్ని పాపా. పద్మకు మందు చేస్తాండానని ఆ పొడి ముందే కూర్చునేదాన్ని. అది ఒంటిగా పోయేది. లేదని తెల్సింది కాబట్టే దాని పక్కన కూర్చుంటి." అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

మేడమ్ కూడా ఇప్పుడు లేరు. మా ఆఫీసు ల్యాబులో నా దగ్గర పనిచేసే పిల్లలు ఇప్పటికీ ప్లేట్ల మీద బస్‌స్టాపుల పేర్లే రాస్తారు, ఎందుకో వాళ్లకు తెలియదు. ఆఖరి పరీక్షకు ముందు నేను ఒకటే అడుగుతాను, మీ ఇళ్లల్లో ఈ మందుకోసం కాచుకున్నవాళ్లెవరైనా ఉన్నారా అని. ఉన్నారంటే వాళ్లను ఫిల్ము దగ్గరికి రానివ్వను. మొన్న ఒకమ్మాయి చేయెత్తింది, వాళ్ల నాన్నకట. సాయంత్రానికి గీతలన్నీ నల్లగానే వచ్చాయి. "ఇంకోసారి చేస్తాను మేడమ్," అని ఆ పిల్ల అప్పుడే కొత్త ప్లేట్లు తీస్తోంది. వాటిని చేతిలోంచి తీసుకుని, ఇంటికెళ్లి నాన్న పక్కన కూర్చోమని చెప్పి, మడివాళ బస్సు ఎక్కించి వచ్చాను.