ఆ ఇంట్లో ఒకటే బంతి

నందివెలుగు జమలయ్య గరిటె పట్టాడంటే తెనాలి నుంచి రేపల్లె దాకా పెళ్ళివారికి బెంగ ఉండేది కాదు. చెయ్యి ఎంత మంచిదో నోరు అంత చెడ్డది. పొయ్యి దగ్గరికొచ్చి సలహా చెప్పినవాణ్ణి, పెళ్ళికొడుకు మేనమామైనా సరే, కడిగి పారేసేవాడు. అలాంటివాడు తలవంచింది ఒక్కరికే. ఆయన రేపల్లెలో ఉండే ఎమ్మెల్యే పూర్ణచంద్రరావుగారు.

అదీ ఓసారి పోట్లాడాకే. పంతొమ్మిది వందల అరవై ఆరు ప్రాంతంలో బియ్యానికి కటకటగా ఉండేది. పెళ్ళిళ్ళలో ఇంతమందికి మించి అన్నం పెట్టకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. దాన్ని ఖాతరు చేసినవాడు లేడు. బాపట్లలో జరిగిన రావుగారి అమ్మాయి పెళ్ళిలో మాత్రం దగ్గరి చుట్టాలకే విస్తళ్ళు వేశారు. తక్కినవారికి మజ్జిగ, అరటిపండ్లు. మిల్లువాళ్ళు పంపిన బియ్యం బళ్ళు వచ్చినదారినే పోయాయి.

"నా పరువు తీశారండి! జమలయ్య వండిన పెళ్ళిలో జనం పస్తు పోయారంటారండి!" అని ఎగిరాడు జమలయ్య.

"నన్ను తిట్టమను. అసెంబ్లీలో ఆ ఆంక్షకి చెయ్యెత్తినవాణ్ణి నేనే కదయ్యా," అన్నారాయన. ఆ రోజు నుంచి ఆయనంటే జమలయ్యకు ప్రాణం.

డెబ్బైలో రావుగారు పోయారు. అప్పటికే ఆయన పార్టీ రెండు ముక్కలైంది. ఆయన పెంచిన సుందరయ్య ఒక ముక్క, బసవేశ్వరరావు మరో ముక్క. ఇద్దరూ బావాబావా అనుకున్నవాళ్ళే, ఇప్పుడు ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటున్నారు. ఇద్దరిదీ ఒకటే మాట, ఆయన మావాడని. పెద్దకర్మకు రెండు పందిళ్ళు, రెండు వంటలు కావాలన్నారు.

రావుగారి భార్య మాణిక్యమ్మగారు జమలయ్యను పిలిపించారు. "వాళ్ళిద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుని తినేవారు జమలయ్యా ఆయన. ఈ ఒక్కపూటా ఒకటే బంతి వెయ్యగలవా?"

"వేస్తానండి. రెండో పొయ్యి తవ్వినవాణ్ణి అందులోనే పూడుస్తానండి."

ఒకటే పొయ్యి తవ్వాడు. ఆవిడ మాట తీసెయ్యలేక ఇద్దరూ వచ్చి పక్కపక్క విస్తళ్ళ ముందు కూర్చున్నారు, చెరో దిక్కు చూస్తూ. తినకుండా ఎవరైనా లేచిపోతారేమోనని జమలయ్యకు భయం. తనే పప్పు వడ్డించాడు. సుందరయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

పప్పులో ఉప్పు లేదు. కర్మ వంట ముందుగా రుచి చూడకూడదు. పొద్దుటినుంచీ రావుగార్నే తలుచుకుంటూ ఉప్పు వెయ్యడమే మరిచాడు జమలయ్య. జన్మలో చెయ్యని తప్పు ఇవాళే చేశాడు.

ఉప్పు గిన్నె ముందు బసవేశ్వరరావు దగ్గరికి చేరింది. అతను చిటికెడు తీసి పక్కనున్న సుందరయ్యకు అందించబోయాడు. బంతంతా బిగుసుకుపోయింది. ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయని అక్కడ తెలియనిదెవరికి? సుందరయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పట్టండి బావా. మనకి కొత్తగా వచ్చే తగువేముందండీ?" అన్నాడు బసవేశ్వరరావు.

సుందరయ్య వద్దనుకుంటూనే నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. అరచెయ్యి చాపి ఉప్పు పట్టుకున్నాడు.

మర్నాటి నుంచి మళ్ళీ ఎవరి జెండా వారిదే, అందులో దాపరికం లేదు. ఆ పూట మాత్రం ఇద్దరూ ఆ పప్పునే మారు అడిగారు. వడ్డించబోతే జమలయ్యకు విస్తరి కనపడలేదు, కళ్ళనిండా నీళ్ళు.