ఇంటిపేరు పోయిన త్రీ నాట్ త్రీ

2022 జనవరిలో అల్ ఐన్‌లో ఒక అరబ్బు పెద్దమనిషి దగ్గర ఆర్మరర్‌గా చేరాను. ఆర్మరర్ అంటే ఆయుధాలు విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించేవాడు. మన సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్ళు అదే పని చేసి, నాయబ్ సుబేదార్‌గా పెన్షన్ తీసుకున్నాను. ఆ తర్వాత శ్రీకాకుళంలో ఇంట్లో కూర్చుంటే మా ఆవిడతో రోజూ గొడవే. ఈ ఉద్యోగం రాగానే ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

యజమానిని మేమంతా అర్బాబ్ అనేవాళ్ళం. యుద్ధానికి వెళ్ళిన సిపాయిలు గుర్తుగా ఇంటికి తెచ్చుకున్న శత్రువుల రైఫిళ్ళంటే ఆయనకి పిచ్చి. వాళ్ళ పిల్లలో మనవలో అమ్మకానికి పెడితే కొనేవాడు. ప్రతిదానికీ పోలీసుల అనుమతి, కాల్చడానికి వీల్లేకుండా గొట్టం మూసేసినట్టు సర్టిఫికెట్ ఉండాలి. అవి లేనిదే ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. మొదటిరోజే నాకు ఉర్దూలో ఒక మాట చెప్పాడు. తుపాకులు ఎక్కడైనా దొరుకుతాయి ఉస్తాద్, ఎవరు తెచ్చుకున్నారు, ఎవరి దగ్గర్నుంచి తెచ్చుకున్నారు, నాకు అది కావాలి అని. సరే సాబ్ అన్నాను గానీ చెవికెక్కించుకోలేదు. నాకు తుప్పు కనిపిస్తే ఇంకేమీ కనిపించదు.

మార్చిలో ఇటలీ నుంచి ఒక పెట్టె వచ్చింది. లోపల త్రీ నాట్ త్రీ రైఫిల్. శిక్షణలో నాచేత మొట్టమొదట విప్పించింది ఆ రకమే. దానితోపాటు పాత ఉత్తరం, దానికి అరబిక్ తర్జుమా ఉన్నాయి. అందులో ఏముందని నేను అడగనైనా లేదు, బల్లమీద పెట్టి పని మొదలుపెట్టాను.

ఏ రైఫిల్ చేతికొచ్చినా ముందు బోల్టు వెనక్కి లాగాలి, లోపల ఖాళీ అని కంటితో చూడాలి, చిటికెన వేలు పెట్టి నిర్ధారించుకోవాలి. సర్టిఫికెట్ ఉందిగదా అని ఇది మానకూడదు. తర్వాత నంబరు రాసుకుని ఒక్కొక్క భాగమే విప్పాలి. ఆఖర్న హ్యాండ్‌గార్డ్ తీశాను. గొట్టం వేడికి చెయ్యి కాలకుండా పైన కప్పే చెక్క అది. లోపలివైపు జిడ్డు నల్లగా పేరుకుని ఉంది, ఆ జిడ్డు కింద ఏవో గీతలు.

జవాన్లకి ఒక అలవాటు ఉంది. పైకి కనపడని ఈ చెక్క లోపల మేకుతో పేరు గీసుకుంటారు. ప్రభుత్వ ఆస్తి పాడుచేసినట్టే లెక్క, తనిఖీలో పట్టుబడితే శిక్ష తప్పదు. అందుకని తనిఖీకి ముందే నేను సాండ్‌పేపర్ పెట్టి రుద్దేసేవాణ్ణి. నా చేతిమీదుగా ఎంతమంది అలా గండం గట్టెక్కారో. ఆ పూటా చెయ్యి తనంతట తనే సాండ్‌పేపర్ అందుకుంది. వేలికి చుట్టుకుని పై వరస గీతల్ని ఎడమ చివర నుంచి రుద్దుకుంటూ వచ్చాను. వరస చివరికి వస్తుండగా ఆగి, పొడి ఊది చూశాను.

తెలుగు అక్షరాలు.

 సాండ్‌పేపర్ కింద పడేశాను. పై వరసలో చివరి 'య్య' మాత్రం మిగిలింది. కింది వరసలో గోదావరి జిల్లాలోని ఒక ఊరి పేరు పూర్తిగా ఉంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం కదా, ముందు పోయింది అదే. టార్చిలైటు పక్కనుంచి వేసి చూశాను, భూతద్దం పెట్టి చూశాను. ఏమీ లేదు. నేను పని చేస్తే నీటుగా చేస్తాను, అదే నా ఖర్మ.

టీ తెచ్చిన కుమారి నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ ఇంట్లో వంట చేసే అమ్మాయి, కోనసీమ మనిషి.

"ఏంటండి బాబాయిగారూ, మొహం అలా పాలిపోయింది?" అంది.

చెక్క చేతికిచ్చాను. చదివి, "ఇది మా అత్తోరి ఊరికి పక్కదేనండి. ఎవరిదండీ ఇది?" అని అడిగింది. 

అర్బాబ్ దగ్గరికి వెళ్ళి, నేనే చెరిపానని చెప్పాను. ఆయన అరవలేదు. "చదవకుండానే?" అన్నాడు, అంతే. తర్వాత ఉత్తరం తీసి నాకు అర్థమయ్యేలా చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, ఆఫ్రికా ఎడారిలో, చనిపోయిన ఒక ఇండియా సిపాయి పక్కన, ఆ ఉత్తరం రాసిన ఇటలీ సిపాయికి ఆ రైఫిల్ దొరికిందట.  చట్టం ప్రకారం తుపాకీ ఇవ్వడం కుదరదు, చెక్క ఆయుధం కాదు కాబట్టి, వాళ్ళవాళ్ళెవరో తేలితే చెక్క వాళ్ళకి పంపిద్దాం అన్నాడు.

కుమారి తమ్ముడు ఆ ఊరు వెళ్ళి విచారించాడు. ఆ యుద్ధానికి వెళ్ళి తిరిగిరానివాళ్ళు అక్కడ ఇద్దరు. ఒకరు గంగయ్య, ఇంకొకరు నాగయ్య. ఇంటిపేర్లు వేరు. ఎవరి శవమూ ఇంటికి రాలేదు, ఎక్కడ పోయాడో ఎవరింట్లోనూ తెలియదు.

నాగయ్య మనవడు ఫోన్ చేశాడు. "మాదేనని చెప్పేయండి సార్, ఊళ్ళో సభ పెట్టించి మీకు శాలువా కప్పుతాం" అన్నాడు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, ఫోన్ పెట్టేశాను. తర్వాత ఆలోచిస్తే అతను మాత్రం ఏం తప్పడిగాడు అనిపించింది.

మర్నాడు గంగయ్య కూతురు మాట్లాడింది. ఎనభై దాటిన మనిషి. తండ్రి వెళ్ళేనాటికి ఆమెకి ఇంకా పాలు మాన్పించలేదట. వాళ్ళమ్మ చచ్చేదాకా బొట్టు తియ్యలేదట, పోయాడని ఎవరూ చెప్పలేదుగనక.

"బాబూ, అది మా నాన్నదేనా?" అని అడిగింది.

అవునని చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. ఇద్దరిలో ఎవరికి అవునన్నా, కాదనగలవాళ్ళు లేరు. కానీ అబద్ధం మీద చెక్క ఎలా పంపను? తెలియదమ్మా, పేరు ఉండేది, నేనే చెరిపేశాను అన్నాను.

 "కాస్త చూసుకోవద్దా, బాబూ" అంది. ఆ తర్వాత ఫోన్ ఎవరో తీసుకుని కట్ చేశారు.

సైన్యంలో ఎన్నో చీవాట్లు తిన్నాను. ఒకసారి కర్నల్ ముందు గంటసేపు అటెన్షన్‌లో నిలబడ్డాను. ఏవీ ఇంతగా తగల్లేదు. చెక్క ఎవరికీ పంపలేదు, అది అర్బాబ్ అలమరాలోనే ఉంది.

ఇంకో రెండేళ్ళు అక్కడ పనిచేశాను. పెట్టె తెరవగానే ముందు కాగితాలు చదివించుకునేవాణ్ణి, తర్వాత ప్రతి భాగాన్నీ ఫొటో తీసేవాణ్ణి, ఆ పైనే తుడిచే గుడ్డ ముట్టుకునేవాణ్ణి. చేతికి ఏళ్ళ తరబడి పడిన అలవాటు కన్నుకంటే ముందు కదులుతుందని, దాన్ని కాసేపు ఆపడం కూడా ఈ వృత్తిలో నేర్చుకోవలసిన పనేనని నాకు అరవై దగ్గరపడ్డాక తెలిసింది. అర్బాబ్ రిజిస్టరులో ఆ రైఫిల్‌కి ఎదురుగా, సిపాయి పేరు అన్న గడిలో, "ఉండేది. ఆర్మరర్ చెరిపాడు" అని రాసి సంతకం పెట్టి వచ్చాను.