పది అడుగుల బేరం

మా నాన్నకు విజయవాడలో బట్టల కొట్టుండేది. చీర మడతపెట్టడం కన్నా ముందు నేను నేర్చుకున్నది, కొనేవాళ్ళు లేచి వెళ్ళిపోయే తీరు. వాళ్ళు నిజంగా వెళ్ళిపోరు. మెట్లు దిగి, నెమ్మదిగా పది అడుగులు వేస్తారు. పదో అడుగు పడేలోగా నాన్న, "అమ్మా, రండి, మీ మాటే కానివ్వండి" అని పిలిచేవాడు. మరీ ముందే పిలిస్తే కొట్టువాడికి తొందరని అర్థం. పదీ దాటినా పిలవకపోతే పొగరని అర్థం.

ఈ విద్యను న్యూజెర్సీ దాకా మోసుకొచ్చాను. కార్ల షోరూములో వాడాను, పరుపుల షాపులో వాడాను, ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర వాడి నవ్వులపాలయ్యాను. ఒక ఎలక్షన్‌లో కూడా వాడాను.

మా అపార్ట్‌మెంట్ల ముందు నుంచి ఒక బస్సు వెళ్ళేది. ఉద్యోగం చేసుకునే వీసా లేక, డ్రైవింగ్ రాక ఇంట్లో కూర్చున్న రోజుల్లో నాకు అదే దిక్కు. ఒక పెద్దావిడ ఆ బస్సులోనే పరిచయమైంది. నల్లజాతి మనిషి, అరవై దాటి ఉంటాయి. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి, షుగరుతో చూపు మందగించాక లైసెన్సు వదులుకుంది. వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి ఆ బస్సులోనే వెళ్ళేది. ఒళ్ళో ఎప్పుడూ ఓ అట్ట, దానికి క్లిప్పు పెట్టిన కాగితాలు. ఆవిడా, చర్చిలో ఆవిడ స్నేహితురాళ్ళూ ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తెచ్చేవాళ్ళు. స్కూలు దగ్గర స్టాప్ సైన్ పెట్టించిందీ, ఆదివారం లైబ్రరీ తెరిపించిందీ వాళ్ళే. ఊరి వ్యవహారాలు చూసే టౌన్‌షిప్ కమిటీలో మాత్రం వాళ్ళలో ఒక్కరికీ ఎన్నడూ కుర్చీ దొరకలేదు. నాకు సిటిజన్‌షిప్ వచ్చిన వారమే బస్సులో నా చేత ఓటు ఫారం నింపించింది. పెన్ను కూడా ఆవిడదే. తిరిగిచ్చిన గుర్తు లేదు.

నల్లజాతి అధ్యక్షుడు గెలిచిన మరుసటి ఏడు, టౌన్‌షిప్‌వాళ్ళు ఆ బస్సు తీసేస్తామన్నారు. దాన్ని ఆపడానికి ఆవిడ కమిటీకి నిలబడింది. బస్సు విషయంలో కమిటీ సగం సగంగా చీలి ఉంది; ఆవిడ గెలిస్తే బస్సు ఉంటుంది, ఓడితే పోతుంది.

అప్పటికి నాకు కారొచ్చింది. ఓటున్న ఇరవై తెలుగు ఇళ్ళలో నా మాట చెల్లుతుందన్న గీర కూడా వచ్చింది. ఒక శనివారం లైబ్రరీ ముందు మడత కుర్చీలో కూర్చున్న ఆవిడ నన్ను ఆపింది.

"హనీ, మీవాళ్ళను తీసుకొస్తావా?"

"తెస్తాను మేడమ్. మరి మాకేమిటి?"

"బస్సు."

"బస్సు అందరిదీ. మా దీపావళికి కమ్యూనిటీ హాలు కావాలి. ప్రతి ఏడూ. పార్కింగ్‌తో సహా."

ఆవిడ నవ్వింది. "హాలు నా ఒక్కదాని చేతిలో లేదు. మీ తరఫున అడుగుతాను. ఇప్పిస్తానని మాత్రం చెప్పను. ఈ దేశపు దక్షిణాది రాష్ట్రాల్లో మా అమ్మ ఓటు రాయించుకోవడానికి వెళ్తే, నల్లదని మూడుసార్లు వెనక్కి పంపారు. అలాంటి దాన్ని పెట్టి నేను బేరమాడలేను."

"అయితే ఆలోచిస్తాం" అని తిరిగాను. ఒకటి, రెండు, మూడు. తొమ్మిదో అడుగు కాస్త సాగదీశాను. పదో అడుగు పడింది. పిలుపు రాలేదు. కారెక్కాను.

ఇంట్లో మా ఆయన, "ఏంటే, కుదిరిందా?" అన్నారు.

"ఆగండి. ఆవిడే ఫోన్ చేస్తుంది."

"ఎలక్షన్ అనుకున్నావా, చీరల షాపా?"

నాలుగో అంతస్తు అమ్మాయి రెండుసార్లు అడిగింది. "అక్కా, ఎప్పుడు వెళ్దాం? లంచ్‌లో డ్రైవ్ చేసి ఓటు వేసొచ్చేస్తా." నేను చెప్పేదాకా ఆగమన్నాను. అందరికీ అదే చెప్పాను.

పోలింగ్ రోజు వాన. ఫోన్ మోగలేదు. సాయంత్రం ఉండబట్టలేక ఒక్కదాన్నే వెళ్ళాను. గేటుకు దూరంగా, అభ్యర్థులు నిలబడాల్సిన చోట, ఆవిడ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

"వచ్చావా హనీ! మరి మీవాళ్ళో?"

"దారిలో ఉన్నారు" అన్నాను.

ఆవిడ సంతోషంగా రోడ్డు వైపు తిరిగింది. నేను ఓటు వేసి, కార్లోకి పరిగెత్తి అందరికీ ఫోన్లు చేశాను. ఒకరు న్యూయార్క్ ట్రైన్‌లో ఉన్నారు. ఒకరి స్టవ్ మీద కూర ఉంది. ముందే చెప్పాల్సింది కదా అక్కా అన్నారు. ఇద్దరు వచ్చారు. ఆవిడ రోడ్డు వైపు చూస్తుండగానే తలుపులు మూశారు.

ఓడిపోయింది. మా ఇళ్ళన్నీ వచ్చి ఉంటే గెలిచేది.

వసంతానికల్లా బస్సు పోయింది. డయాలిసిస్‌కి నేనే తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ఆవిడ అడగలేదు, నేనూ షరతులేవీ పెట్టలేదు. చాలా నెలలు మనసులోనే దాచుకుని, ఒక ఉదయం సిగ్నల్ దగ్గర ఆ పది అడుగుల సంగతి చెప్పేశాను.

"పదిలోపు పిలవాలా?" అని నవ్వింది. సిగ్నల్ మారింది. ఇంకో రెండు వీధులు దాటాక అంది: "నీ పసుపు చున్నీ నా చూపుకి అందినంతసేపూ నిన్నే చూశాను."

"మరి పిలవలేదేం?"

"వెళ్ళిపోతున్నావనుకున్నాను, హనీ. నా ముందు నుంచి అలా చాలామంది వెళ్ళారు. నిజంగానే వెళ్ళారు. నీకు పిలుపు కావాలని తెలిస్తే పిలిచేదాన్నే. ఊరికే, రా అని."

ఆ చలికాలంలో ఆవిడ పోయింది.

నేను ఇప్పటికీ బేరమాడతాను, పుట్టుబుద్ధి. మొన్న తివాచీల షాపులో అలవాటుగా లేచి బయల్దేరాను. ఆరో అడుగు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి వెళ్ళి షాపతను చెప్పిన ధరకే కొన్నాను. పిలవడానికి అతనింకా నోరైనా తెరవలేదు.